కొప్పెరలో పడిన పత్రం

వడమాలపేట మునెయ్యకు గుర్రం సంగతి తెలుసు, ఇంజను సంగతి తెలుసు. నోరు తెరిచి ఇంకో మనిషికి ఒక సంగతి చెప్పడం మాత్రం అతనికి చేతకాదు. పదేళ్ళు జట్కా తోలినవాడు, గుర్రంతో మాట్లాడినంత పెళ్ళాంతో మాట్లాడి ఉండడు. పుత్తూరు దొరసామి మొదలియారు బస్సులు పెట్టిన కొత్తలో జట్కా అమ్మేసి, ముప్పై దాటిన వయసులో పోయి స్టీరింగు పట్టుకున్నాడు. "మొక్కై వంగనిది మానై వంగుతాదా" అని నవ్విన ఊరివాళ్ళే, రెండేళ్ళు తిరక్కుండా అతని బస్సులో ముందు సీటు కోసం కొట్లాడుకున్నారు. అంత నిదానంగా, అంత శుభ్రంగా తోలేవాడు.

అంతలో యుద్ధం వచ్చింది. పెట్రోలు కరువైంది. బస్సుల వెనకాల బొగ్గు డ్రమ్ములు మొలిచాయి. వాటిని చూడనివాళ్ళకు ఆ అవస్థ చెప్పినా అర్థం కాదు. బస్సు వెనక మనిషెత్తు ఇనప డ్రమ్ము బిగిస్తారు. అందులో బొగ్గులు పోసి, నిప్పు వేసి, పక్కనున్న పిడి పట్టుకొని అరగంట గాలి తిప్పితే, ఆ పొగ గొట్టంలో నుంచి ఇంజనుకు పోతుంది. పెట్రోలు చేయాల్సిన పని బొగ్గు పొగ చేయాలన్నమాట. చేస్తుందా అంటే చేస్తుంది, ఇష్టం లేని అల్లుడు అత్తగారింట్లో పని చేసినట్టు. మిట్ట కనపడితే నిలబడిపోతుంది. మగవాళ్ళంతా దిగి తోయాలి. తిరుపతిలో దిగేసరికి కొండకు పోయే భక్తుల ముఖాలు బొగ్గుల బట్టీలో నుంచి వచ్చినట్టుండేవి.

మునెయ్య బస్సు మాత్రం తక్కువ నిలిచేది. బొగ్గును చేతిలోకి తీసుకొని, విరిచి, వాసన చూసి, ఇది తుమ్మ, ఇది చింత, ఇది తడిసింది అని వేరు చేసేవాడు. తెల్లారకముందే లేచి బూడిద దులిపి, పొగ వడపోసే జల్లెడలు కడిగి, పిడి తానే తిప్పేవాడు. ఆ పొగకు తలనొప్పి వచ్చేది, దగ్గు వచ్చేది. వచ్చిందని కూడా ఎవరికీ చెప్పలేదు మహానుభావుడు.

నలభై మూడులో మిలిటరీవాళ్ళు డ్రైవర్ల కోసం ఊరూరా గాలించారు. లారీ తోలడం వస్తే చాలు, నెలకు డెబ్బై రూపాయలు, తిండి, బట్టలు. మొదలియారు ఇచ్చేది ముప్పై అయిదు. అయిదుగురు డ్రైవర్లలో ఇద్దరు ఒకే వారంలో వెళ్ళిపోయారు. మొదలియారుకు కాళ్ళ కింద నేల కదిలింది. బస్సులున్నాయి, బొగ్గులున్నాయి, తోలేవాడు లేకపోతే వాటిని ఏం చేసుకోవాలి? మిగిలిన ముగ్గురినీ, అంటే మునెయ్యనూ గురవయ్యనూ దానియేలునూ షెడ్డులో కూర్చోబెట్టి, స్టాంపు కాగితాలు తెప్పించి, గుమాస్తా సుందరం పిళ్ళ చేత ఒక్కొక్కరికి ఒక్కో పత్రం రాయించి, కింద తానే సంతకం చేశాడు. "యుద్ధము ముగియువరకు నా బస్సు విడువక తోలిన డ్రైవరుకు, యుద్ధము ముగిసిన ఆరు నెలల లోపల మూడు వందల రూపాయలు బోనసుగా ఇచ్చుకోగలవాడను" అని.

మునెయ్య ఆ పత్రం పట్టుకొని ఇంటికొచ్చిన రోజు అతని భార్య చెంగమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. మొగుడు మిలిటరీకి పోతాడేమోనని ఆమెకు వారం రోజులుగా తిండి సయించలేదు. "పోలేదు" అన్నాడు మునెయ్య. అంతే. ఆ ఒక్క మాటకే ఆమె అప్పటికప్పుడు పసుపుగుడ్డలో పదకొండు రూపాయల పావలా పెట్టి ముడుపు కట్టింది. "యుద్ధం ముగిసి, నా మొగుడు ఈడనే కండ్ల ముందర ఉంటే, నడిసి కొండెక్కి నీ హుండీ కొప్పెరలో ఏస్తాను సామీ" అని మొక్కి, ముడుపును సామి పటం పక్కన మేకుకు తగిలించింది.

మూడు వందలంటే ఆ ఇంటికి ఏమిటో చెప్పాలి. చెంగమ్మకు తల్లి పసుపు కుంకుమ కింద ఇచ్చిన చేను ఒక ఎకరం ఉంది, వాగు పక్కన, శనగకాయ బాగా పండే నేల. నలభై ఒకటిలో కూతురు పంకజాక్షికి విషజ్వరం వస్తే, ఆ చేనును కుప్పిరెడ్డికి రెండు వందల ఎనభైకి భోగ్యం పెట్టారు. భోగ్యమంటే వడ్డీ ఉండదు, దాని బదులు అప్పిచ్చినవాడు చేను సాగు చేసుకుంటాడు. అయిదో ఉగాదికి సొమ్ము కట్టకపోతే మాత్రం చేను అతనికే అమ్మినట్టు లెక్క. పిల్ల బతికింది. చేను బతకాలంటే బోనసు రావాలి. చెంగమ్మ తన చేనులోనే కుప్పిరెడ్డికి కూలికి కలుపు తీస్తూ మిగిలిన మూడు ఉగాదులూ లెక్కపెట్టుకుంది.

సరే, యుద్ధం ముగిసింది. టపాకాయలు కాల్చారు, మిఠాయిలు పంచారు. మొదలియారు బస్సుల పరిస్థితి మాత్రం గోరుచుట్టు మీద రోకటిపోటు అయింది. టైర్లు దొరకవు, దొరికితే నాలుగింతల ధర. మూడు బస్సుల్లో ఒకటి చక్రాలు లేక ఇటుకల మీద కూర్చుంది. మిగిలిన రెండూ బొగ్గు పొగకు ఇంజన్లు అరిగి, ముసలివాళ్ళు మూలిగినట్టు మూలుగుతున్నాయి. మొదలియారు భార్య నడుముకు ఉండాల్సిన వడ్డాణం కుదవ కొట్టుకు పోయిందని పుత్తూరంతా తెలుసు. ఆరు నెలల గడువు దాటింది. శివరాత్రి పోయిన తరవాత పిళ్ళ కబురు పంపాడు. ఆదివారం ముగ్గురూ పత్రాలు తీసుకొని షెడ్డుకు రావాలి, ఒక నెల జీతం పుచ్చుకొని పత్రాలు వాపసు ఇచ్చేయాలి అని. మూడు వందల చోట ముప్పై అయిదు.

"కోర్టుకు పోదాం పద. పత్రం ఉండాది గదా మన దగ్గర" అన్నాడు గురవయ్య. చిత్తూరులో తనకు ఒక వకీలు గుమాస్తా తెలుసట.

మునెయ్య ఇంటికొచ్చి పత్రం కోసం సామి పటం దగ్గరకు పోయాడు. మేకు ఉంది. ముడుపు లేదు.

"చెంగమ్మా, ముడుపు యాడ?"

"ఏం అట్ల అడగతావు? రథసప్తమికి పక్కింటి నాగరత్నమ్మోళ్ళతో కొండకు పోయి కొప్పెరలో ఏసి వస్తినే. నీకు సెప్పే గదా పోయినా."

మునెయ్య గోడకు ఆనుకొని అట్లే జారి కూర్చున్నాడు. కొండకని ఆమె చెప్పినప్పుడు బస్సు ధ్యాసలో ఊ కొట్టాడే గానీ, ముడుపు తీసుకుపోతోందని అతనికి తట్టలేదు. ఏం జరిగిందంటే, మూడేళ్ళ కింద ఆ ముడుపు కట్టిన రోజే, ఆమె పొయ్యి దగ్గరకు పోయినప్పుడు, ఇతగాడు ముడి విప్పి పత్రాన్ని చిన్నగా మడిచి లోపల పెట్టి మళ్ళీ కట్టేశాడు. ఇల్లు పూరిల్లు. ఎలుకలు, చెదలు, వాన. సామి సొమ్ము జోలికి ఎవరూ పోరు, అంతకంటే భద్రమైన చోటు ఏముంది అని అతని తెలివి. తెలివి బాగానే ఉంది. ఆ మాట పెళ్ళానికి చెప్పాలని తోచకపోవడమే దాని లోటు. ముడుపు ఒకసారి కడితే చెల్లించేదాకా విప్పకూడదు గనుక ఆమె విప్పలేదు. మూడు వందల రూపాయల పత్రం పదకొండు రూపాయల పావలాతో కలిసి స్వామివారి కొప్పెరలో పడిపోయింది.

విషయం తెలిసిన చెంగమ్మ మొదట నమ్మలేదు. తరవాత తిట్టింది. "దాన్ని ఆడ పెట్టినానని ఒగ మాట సెప్పేదానికి నీ నోట్లో ముత్యాలు రాలిపోతాయా? గుర్రంతో సెప్పుంటావు, ఆ బస్సుతో సెప్పుంటావు. నేనేం పాపం సేసినా?" తిట్టి తిట్టి, చివరికి తన మీదకే తిప్పుకుంది. "నేనన్నా ఒగసారి తడిమి సూసినానా? కాగితం గరగరమంటా ఉంటే పాత నోటు అనుకున్నానే."

"కొండ మీద అడిగితే ఇస్తారేమో" అన్నాడు మునెయ్య.

"ఆ మాట అనొద్దు. కొప్పెరలో పడింది మల్లా గడప దాటదు. సామికి ఇచ్చింది ఎనక్కి అడిగేంత కానికాలం మనకింకా రాలేదు" అంది చెంగమ్మ. ఏడుస్తూనే అంది.

ఆదివారం ఉదయం ఇద్దరూ పుత్తూరుకు బయలుదేరారు. ఆమె ఎందుకంటే, తప్పు తనదని తానే చెప్పాలని పట్టు. షెడ్డు బయట గురవయ్య సంగతి విని నెత్తి కొట్టుకున్నాడు. తరవాత మునెయ్య చెవిలో చెప్పాడు. "నువ్వేం మాట్లాడొద్దు. మా రెండు పత్రాలూ సూపిస్తాం. ఒగే రకంగా రాసిందే గదా, మూడోది అడగరు. నోరు మూసుకొని ఉండడం నీకు కొత్తా ఏందప్పా?"

మునెయ్య తల ఊపాడు. ఊపాడు గానీ, ఎందుకు ఊపానా అని లోపలికి నడుస్తున్నంతసేపూ అనుకుంటూనే ఉన్నాడు.

లోపల మొదలియారు ఇటుకల మీదున్న బస్సు పక్కన ముక్కాలి పీట వేసుకొని కూర్చున్నాడు. మనిషి సగమైపోయాడు. మాట్లాడింది పిళ్ళ.

"సూడండప్పా, నేను దాపరికం లేకుండా సెప్తాను. ఉండేవి మూడు బస్సులు, తిరిగేవి రెండు. మీకు తొమ్మిదొందలు ఇస్తే టైర్లకు దుడ్లుండవు. టైర్లు లేకుంటే బస్సు లేదు. బస్సు లేకుంటే మీకు జీతం లేదు, క్లీనర్లకు లేదు, నాకూ లేదు. పత్రం రాసిన కాలం వేరు. అప్పుడు రోజుకు నాలుగు ట్రిప్పులు నిండతా ఉన్నాయి. ఇప్పుడు అయ్య ఇయ్యననడం లేదు, ఇయ్యలేకపోతా ఉండాడు. ఆ రెంటికీ తేడా లేదా? మీ కూటికుండను మీరే పగలగొట్టుకుంటామంటే నేనేం సెప్పేది."

నిజం చెప్పాలంటే పిళ్ళ మాటలో పస లేకపోలేదు. దానియేలు ముఖం అప్పుడే మెత్తబడింది. గురవయ్య మాత్రం వకీలు పేరు ఎత్తబోయాడు. అంతలో మునెయ్య నోరు తెరిచాడు. అందరూ అతని వైపు చూశారు, ఇటుకల మీదున్న బస్సు కదిలినా అంత ఆశ్చర్యపోయేవాళ్ళు కాదు.

"పిళ్ళా, ఒగటి అడగతా. టైర్లు అమ్మినోడికి దుడ్లు ఇచ్చినారా?"

"ఇయ్యకుంటే టైరు ఇస్తాడా?"

"బొగ్గుల మండీకి?"

"ఇచ్చినాం. ముందర పెడితేనే మూట దించుతాడు వాడు."

"వాళ్ళంతా దుడ్లు సేతిలో పడినాకనే సరుకు ఇచ్చినారు. మేం సరుకు ముందే ఇచ్చేసినాం. మూడేండ్లు. డెబ్బై రూపాయలు వద్దనుకొని ఈ పొగలో కూసున్నాం. ముందిచ్చినోళ్ళమని మమ్మల్ని అందరి ఎనకాల కడాకు నిలబెట్టేదా?"

మునెయ్య జీవితంలో అంత పొడుగు మాట అదే మొదలు. మొదలియారు పంచె కొంగుతో ముఖం తుడుచుకున్నాడు.

"మునెయ్య సెప్పింది కాదనలేను. పత్రాలు తియ్యండప్పా. ఏం రాసినానో ఒగసారి సూస్తాం."

గురవయ్య తీశాడు. దానియేలు బైబిలులో దాచుకున్నది తీశాడు. గురవయ్య మోచేత్తో మునెయ్యను పొడిచాడు, ఊరుకో అని. ఊరుకోవచ్చు. ఎవరూ అడగలేదు కూడా. కానీ ఇప్పుడే కదా నోరు పెద్దది చేసుకొని న్యాయం మాట్లాడాడు. ఆ నోటితోనే దాచడం అతనికి సాధ్యం కాలేదు.

"నా పత్రం లేదు అయ్యా" అన్నాడు. పోయిన విధం కూడా చెప్పాడు.

పిళ్ళ కళ్ళద్దాలు సర్దుకున్నాడు. పాపం, చెడ్డవాడు కాడు, యజమాని ఇల్లు నిలబెట్టాలన్న తాపత్రయం. "అట్లయితే మునెయ్య లెక్క తీరినట్టే. ఇంగ వీళ్ళిద్దరిదే" అన్నాడు.

ద్వారం దగ్గర నిలబడిన చెంగమ్మ కొంగు నడుముకు చుట్టుకొని లోపలికి వచ్చింది.

"అయ్యా, తప్పు నాది. కాగితం నా సేతులతోనే పోయింది. కాగితం పోతే మాట పోతాదా అని అడగడానికి వచ్చినా. కోపం సేసుకోవద్దు, సదువులేని దాన్ని. మన నారాయణవనంలో పెండ్లి సేసుకునేదానికి సామి కుబేరుడి దగ్గర అప్పు సేసినాడు గదా. ఆయనకెంత కష్టం వచ్చింటే సేసుంటాడు. అప్పు సేసినాక, 'ఇది కలికాలం, గడ్డుకాలం, ఇయ్యలేను పో' అన్నాడా? అనుంటే కుబేరుడు ఏం సేసుంటాడు, దేవుడితో కొట్లాడతాడా? అనలే. ఇప్పటికీ వడ్డీ కడతా ఉండాడు."

"ఆయనకు హుండీ ఉండాది తల్లీ. మనకేముండాది?" అన్నాడు పిళ్ళ. దానియేలు నవ్వు ఆపుకున్నాడు.

"ఉండాది సరే. నేను సెప్పేది సగమే విన్నావు పిళ్ళా. కుబేరుడు కూడా ఈ పొద్దే మొత్తం కక్కమని సామి గొంతు మీద కూసోలే. యుగాలు ఓర్సుకుంటా ఉండాడు. ఇచ్చేవాడు లేదనలే, పుచ్చుకునేవాడు గొంతు పట్టలే. అందుకే ఇద్దరి పేరూ నిలిచింది. అయ్యా, మీరు ముప్పై అయిదు ఇచ్చి తీరిపోయిందంటే మా కడుపు రగులుతాది. మూడు వందలూ ఉండాది, మెల్లిగా ఇస్తానంటే ఓర్సుకుంటాం. మాకు కావల్సింది ఆ మాట."

మొదలియారు ముక్కాలి పీట వెనక్కి తోసి లేచాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పిళ్ళా, ఆ పత్రంలో ఏం రాసినానో నాకు తెలుసు. సంతకం పెట్టింది ఈ సెయ్యి. కొప్పెరలో పడితే నా సెయ్యి పడిపోతాదా? ముగ్గురికీ ఇస్తాను. మునెయ్యకూ ఇస్తాను. ఎట్ల ఇచ్చేదో ఆ దోవ ఒగటి కనపడడం లేదు నాకు."

ఆ దోవ మునెయ్యకు కనపడింది. ఇంజను సంగతి కదా. ఇటుకల మీదున్న బస్సు ఇంజను మిగతా వాటికంటే తక్కువ అరిగింది. పుత్తూరులో శనగకాయల మిల్లువాళ్ళు ఒక ఇంజను కోసం నెలరోజులుగా తిరుగుతున్నారు. "దాన్ని ఇచ్చేద్దాం అయ్యా. ఇటుకల మీద పెట్టుకొని ఏం సేస్తాం, పూజా? మల్లా బస్సు లేచేదాకా ముగ్గురం రెండు బస్సులు వంతులేసుకొని తోలతాం. వంతు లేని వారం సగం జీతం సాలు." గురవయ్య గొణిగాడు గానీ, దానియేలు ఒప్పుకున్నాక తానూ ఒప్పుకున్నాడు. అక్కడికక్కడే తేలింది. మిల్లు సొమ్ములో నుంచి తలకు నూరు రూపాయలు ఇప్పుడు. మిగిలిన రెండు నూర్లు నెలకు పది చొప్పున ఇరవై నెలలు. పిళ్ళ మూడు కొత్త పత్రాలు రాశాడు. మూడోది రాసేటప్పుడు, "అమ్మా, దీన్నన్నా ముడుపులో పెట్టొద్దు" అన్నాడు. చెంగమ్మ నవ్వింది. వారం రోజుల తరవాత అదే మొదటి నవ్వు.

మిల్లువాళ్ళు ఇంజను పట్టుకుపోయారు. నూరు రూపాయలు చేతికొచ్చాయి. చెంగమ్మ కూలి డబ్బు నలభై ఉంది. మొత్తం నూట నలభై. కుప్పిరెడ్డికి కట్టాల్సింది రెండు వందల ఎనభై. ఉగాదికి నాలుగు రోజులుంది.

ఇక్కడ ఎవరైనా చతికిలబడతారు. న్యాయం గెలిచింది, చేను పోతుంది. ఏం ప్రయోజనం? మునెయ్య రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా బస్సు తోలాడు. మూడోరోజు పొద్దున వడమాలపేటలో బస్సు నిలిపినప్పుడు, ముందు సీటులో కూర్చున్న మొదలియారు, "ఏమప్పా, దుడ్లు వచ్చినా ఆ మొగమేంది?" అన్నాడు. పాత మునెయ్య అయితే ఏం లేదనేవాడు. ఈసారి చెప్పాడు. మొత్తం చెప్పాడు.

"ముందే సెప్పేదానికేం?" అని మొదలియారు బస్సు దిగాడు. "పద, రెడ్డి ఇల్లు సూపించు. నీ పెండ్లాన్నీ పిలువు."

కుప్పిరెడ్డి సామాన్యుడు కాడు. వాన పడితే మబ్బు దగ్గర కూడా రసీదు అడిగే మనిషి అని ఊళ్ళో పేరు. అరుగు మీద కూర్చొని మొదలియారు చెప్పిందంతా విన్నాడు. నూట నలభై ఇప్పుడు, మిగిలింది మునెయ్యకు తాను ఇవ్వాల్సిన బోనసులో నుంచి నెలకు పది, నేరుగా రెడ్డి ఇంటికే. ఉగాది దాటినా చేను మాత్రం ఇప్పుడే వదలాలి. పూచీ తనదే.

"నీ పూచీనా మొదలియారూ? నీ బస్సే ఇటుకల మీదికి ఎక్కిందంట."

"ఎక్కింది. దాని ఇంజను దిగింది కూడా, మిల్లుకు పోయింది."

రెడ్డి మీసం కింద ఏదో కదిలింది. "ఒగ మాట అడగతా, నిజం సెప్పు. ఈయన పత్రం కొండ మీద కొప్పెరలో పడిపోయిందని ఊరంతా అనుకుంటా ఉండారు. తప్పించుకునేదానికి దోవ సామే సూపించె గదా నీకు. కష్టంలో ఉండావు. ఎందుకు తప్పించుకోలే?"

మొదలియారు అన్నాడు. "ఏమో రెడ్డీ. తప్పించుకొనుంటే, మరుసటి దినం మునెయ్య తోలే బస్సులో నేనెట్ల కూసునేది?"

కుప్పిరెడ్డి లేచి లోపలికి పోయాడు. చాలాసేపు రాలేదు. చెంగమ్మ అరుగు అంచు పట్టుకొని నిలబడింది. రెడ్డి వచ్చినప్పుడు అతని చేతిలో భోగ్యం పత్రం ఉంది.

"ఈ చేను మీద నాకు ఆశ లేదని సెప్పను. ఉండాది. ఈ ఉగాదికి నాదే అయిపోతాదని, బాయి తవ్వే కొలతలు కూడా ఏయించినాను. కానీ కాగితం లేకున్నా బాకీ ఒప్పుకునే మనిషి నా అరుగు మీదికొచ్చి పూచీ అంటే, నేను కాదంటే నా ఎద్దులు కూడా నన్ను సూసి మొగం తిప్పుకుంటాయి. ఇంద చెంగమ్మా. పట్టుకో."

చెంగమ్మ రెండు చేతులతో అందుకుంది. చదువు రాదు. మొగుడి చేతికిచ్చి, "మాయమ్మ పేరు ఉండాదా దాంట్లో, సూడు" అంది. ఉంది. "వడమాలపేట కాపురస్థురాలు మునెమ్మ తన కుమార్తె చెంగమ్మకు పసుపు కుంకుమ నిమిత్తం ఇచ్చిన" అని మునెయ్య చదివాడు. "ఇంగోసారి సదువు" అంది. చదివాడు.

ఆమె అక్కడి నుంచి ఇంటికి పోలేదు. నేరుగా చేనుకు పోయింది. కోతలైపోయి ఖాళీగా ఉన్న నేల. నడిమికి నడిచిపోయి, అక్కడ కూలబడి, మన్ను గుప్పిళ్ళతో తీసుకొని బోరున ఏడ్చింది. అయిదేళ్ళు ఆ మన్నులోనే వంగి కలుపు తీసింది, కూలిదానిలాగా. తనదని ఒక్కనాడూ కూర్చోలేదు.

మొదలియారుతో పాటు వెనకే వచ్చి గట్టు మీద నిలబడిన మునెయ్యకు ఏం చేయాలో తోచలేదు. రోడ్డు మీద బస్సు ఆగి ఉంది, కండక్టరు కేకలేస్తున్నాడు. అతను బస్సు వైపు ఒక అడుగు వేశాడు.

"యాడికి పోతా ఉండావు?" అన్నాడు మొదలియారు. "పోయి ఆమె పక్కన కూసో. బస్సు సంగతి నేను సూసుకుంటా."

మునెయ్య చేనులోకి దిగాడు. ఆ రోజు తిరుపతి బస్సు ముప్పావు గంట ఆలస్యంగా కదిలింది. ప్రయాణికులు తిట్టిన తిట్లన్నీ మొదలియారే పడ్డాడు.